అద్దంలో మరక

ఇలా రా తల్లీ, ఆ ఫోను అవతల పెట్టి నా పక్కకి జరిగి కూర్చో. నా గొంతు పెద్దదే గానీ ఈ మాట గట్టిగా చెప్పేది కాదు. పక్క గదిలో మీ తాత ఉన్నారు, వింటే "మళ్ళీ మొదలెట్టావా" అంటారు. మొదలెడతాను. నా చదువు నాలుగో తరగతి దగ్గర ఆగిపోయింది గానీ జ్ఞాపకం ఎక్కడా ఆగలేదు. ఆ ఎండాకాలంలో ఏ రోజు కుళాయి ఎన్ని గంటలకి వచ్చిందో కూడా చెప్పమంటే చెబుతాను.

నీకప్పుడు రెండేళ్ళు. మీ అమ్మ నిన్ను చంకనేసుకునే స్టూడియోలో లైట్లు జరిపేది.

స్టూడియో అంటే మన ముందు గదే. వీధి వైపు గాజు తలుపు, లోపలికి రాగానే ఎత్తు స్టూలు, దాని వెనక గోడ మీద చుట్టిపెట్టిన మూడు తెరలు, చెరో మూలా గొడుగు లైటు. కర్టెన్ తీస్తే మీ అమ్మ కంప్యూటరు గది, అది దాటితే నా వంటిల్లు. పాస్‌పోర్టు ఫోటోకొచ్చిన వాళ్ళ కాలర్లు సర్దడం, ఏడ్చే పసిపిల్లల్ని నవ్వించడం, పెళ్ళికి బయలుదేరే ముందు సంచులు సర్దడం, ఇవీ నా పనులు. లెన్సుల మీద రాసిందేదీ నాకు చదవడం రాదు. చేత్తో ఎత్తితే బరువుని బట్టి ఏది ఏదో చెప్పేదాన్ని. మీ తాత చెయ్యి చాపితే చాలు, అడగకుండానే కావలసింది అందించేదాన్ని. నలభై ఏళ్ళ అలవాటు మరి.

అందరూ ఆయన్ని ఫోటో మాస్టారు అనేవాళ్ళు. ఆయన కెమెరా ఇటుకంత బరువుండేది. దాని లోపల, లెన్సుకి వెనకగా, ఏటవాలుగా చిన్న అద్దం ఒకటి. లెన్సులోంచి వచ్చిన వెలుగుని ఆ అద్దం పైకి మళ్ళిస్తే, అక్కడ కన్ను పెట్టి చూసేవారు. మీట నొక్కగానే అద్దం పైకి ఎగురుతుంది, వెలుగు వెనక పలక మీద పడుతుంది, అద్దం మళ్ళీ కిందికి దిగుతుంది. అదంతా 'టకాల్'మనే ఒక్క చప్పుడులో అయిపోయేది. ఆ చప్పుడు వినగానే స్టూలు మీది మనిషి బిగబట్టిన ఊపిరి వదిలేవాడు. నీకిదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ అద్దం సంగతి తెలియకపోతే మాకేం జరిగిందో నీకు తెలియదు.

ఆ ఏడాది పెళ్ళిళ్ళు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. అప్పుడే ఒక సాయంత్రం మీ అమ్మ చిన్న డబ్బా ఒకటి పట్టుకుని వచ్చింది. తీసి చూపించింది కదా, అరచేతిలో ఇమిడిపోయింది.

"ఇదేంటే, పాపకి బొమ్మ కొన్నావా?" అన్నాను.

"మిర్రర్‌లెస్ కెమెరా అమ్మా. అద్దం లేనిది."

"అద్దం లేకపోతే కన్ను పెట్టి ఏం చూస్తావు? చీకటా?"

"లోపల చిన్న టీవీ ఉంటుంది. ఫోటో ఎలా రాబోతుందో తియ్యకముందే అందులో కనిపిస్తుంది. వెలుగు తక్కువైతే తక్కువైనట్టు, ఎక్కువైతే ఎక్కువైనట్టు."

మీ తాత కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నారు. "మనిషి ఎదురుగా నిలబడి ఉంటే, టీవీలో చూడడమేంటమ్మా? రేపు నీ కూతుర్ని కూడా టీవీలోనే ఎత్తుకుంటావా?"

"మీరు తీశాక కదా నాన్నా, బాగా వచ్చిందో లేదో చూసుకునేది? నేను ముందే చూసుకుంటా. తప్పేంటి?"

"తీసేవాడికి పని రాకపోతే ముందు చూసుకోవాలి."

ఇద్దరూ నోటికి నోరే. నేను మధ్యలో దూరి, "సరే, ఆ టీవీతో నన్నొకటి తియ్యవే, చూద్దాం" అని స్టూలెక్కి కూర్చున్నాను. జుట్టు సర్దుకున్నాను. కూర్చున్నాను, కూర్చున్నాను. మీ అమ్మ కన్ను పెట్టి అలాగే నిలబడింది. చప్పుడు లేదు. "ఎంతసేపే, నడుం పట్టేస్తోంది, పొయ్యి మీద పాలున్నాయి, నీకు అది వాడడం వచ్చా రాదా?" అని తిట్టాను.

"అయిపోయింది, దిగు. ముప్ఫై తీశాను."

కెమెరా వెనక తెర మీద చూపిస్తే ఏముంది, నేను జుట్టు సర్దుకోవడం, ఆవులించడం, నోరంతా తెరిచి తిట్టడం, అన్నీ ఉన్నాయి. చెప్పాపెట్టకుండా మనిషిని అలా పట్టేసుకోవచ్చా? మీ తాతకేమో మాటకి ఊతం దొరికింది. "చూశావా! చప్పుడు లేని కెమెరా దొంగ కెమెరా."

ఆ నెలంతా భోజనాల దగ్గర ఇదే గొడవ. తనది రోజంతా మెడలో వేసుకున్నా నొప్పుట్టదని మీ అమ్మ అంటే, తన దానికి ఒక్క బ్యాటరీతో పెళ్ళి మొత్తం నడుస్తుందని, ఆమెకైతే జేబునిండా బ్యాటరీలు కావాలని ఆయన. తన కెమెరా గుంపులో కూడా మనిషి కంటిని వెతికి పట్టుకుంటుందని ఆమె. "నేను నలభై ఏళ్ళుగా పట్టుకుంటున్నా, నాకెవరూ బ్యాటరీ వెయ్యలేదు" అని ఆయన. వీడియో మాటకొస్తే మాత్రం తగ్గేవారు. వీడియో తీసేటప్పుడు ఆయన కెమెరాలో అద్దం పైకే ఉండిపోతుంది, కన్ను పెడితే ఏమీ కనపడదు, వెనక తెర చూసి తియ్యాలి. మీ అమ్మది ఫోటో అయినా వీడియో అయినా కన్ను పెట్టే తియ్యచ్చు. అందుకని వీడియోలు మీ అమ్మవి, ఫోటోలు మీ తాతవి అని ఒప్పందం కుదిరింది. వెనక తెర చూసి ఫోటో తీసేవాణ్ణి ఫోటోగ్రాఫర్ అనరని ఆయన పట్టుదల.

ఇంతలో ఆయన తన కెమెరాని విసుక్కోవడం మొదలెట్టారు.

మొదట తలుపు చట్రం వంకరగా కనిపిస్తోందన్నారు. లెన్సు పాడైందేమోనని మార్చారు. ఇంకోటి పెట్టారు, అదీ వంకరే. పది రోజులు పోయాక మధ్యలో మరక ఉందన్నారు. లెన్సులన్నీ మార్చి చూశారు, మరక మరకలాగే ఉంది. తీసిన ఫోటోల్లో మాత్రం లేదు.

"అయితే అద్దం మీదే" అని తేల్చేశారు. "మీట నొక్కగానే అద్దం పైకి పోతుంది కదా, అందుకే ఫోటోలో పడట్లేదు. చూసేటప్పుడు మాత్రం అడ్డొస్తోంది."

ఎంత సరిగ్గా చెప్పారో చూడు! పనితనం తెలిసిన మనిషి లెక్క. ఎవరు కాదంటారు?

నేను గిన్నెలు తోముతున్నాను. వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు. "ఏమే, నువ్వొకసారి చూడు, మధ్యలో కనిపిస్తోందా?"

"చేతులకి సబ్బుందండీ."

"చేతులెందుకు, కన్ను ఇటివ్వు" అని ఆయనే కెమెరా నా కంటికి పెట్టారు. చూశాను. కిటికీ కనిపించింది, కిటికీలో మొక్క కనిపించింది, సరిగ్గా మధ్యలో నల్లగా చిన్న గుర్తు కనిపించింది.

"ఉందండీ, నల్లగా."

"ఉంది కదా! నేను చెప్పలా?"

"చిన్నదే."

"చిన్నదేంటి, అంతుంటే! నీకు అలవాటు లేక."

సరేలే, అనుకున్నాను. మళ్ళీ గిన్నెల మీద పడ్డాను. అంతే నేను చేసింది.

బజారు చివర ఒక రిపేరు మనిషి ఉండేవాడు. యాభై దాటిన వాడే. చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు సన్నని స్క్రూడ్రైవర్లు ఉంటాయని అందరూ అతన్ని స్క్రూల బాబాయ్ అనేవాళ్ళు. మీ తాతని అన్నగారూ అనేవాడు, నన్ను వదినగారూ అని ఎగతాళి చేసేవాడు. కెమెరా పట్టుకెళ్ళి రెండు రోజుల్లో తెచ్చాడు. "దుమ్ముందన్నగారూ, తుడిచేశాను." తగ్గినట్టే ఉందన్నారు, వారం గడిచేసరికి మరక ఎప్పట్లాగే ఉందన్నారు. మళ్ళీ పట్టుకెళ్ళాడు. "అవునన్నగారూ, మూలకి పట్టేసింది, తీసేశాను." ఆ మాటతోనే మీ తాతకి ప్రాణం లేచొచ్చింది, నాలుగు రోజులే.

మీ అమ్మకిది భలే దొరికింది. "చూశారా నాన్నా, అద్దం ఉంటే ఇదే బాధ. దుమ్ము, మరక, తుడవడం. నా దాంట్లో ఆ గొడవే లేదు" అనేది. ఆ పెట్టెలో కన్ను పెట్టి చూడమంటే, "మీ మరక మీరే చూసుకోండి" అని నవ్వేది.

ఈలోగా ఫోటోల్లో మనుషులు పక్కకి జరిగిపోవడం మొదలెట్టారు. మధ్యలో మరక అడ్డం కదా, ముఖాలు కనపడాలంటే వాళ్ళని ఓ పక్కకి పెట్టి తియ్యాల్సి వస్తోందని ఆయన మాట. ఒక పెళ్ళికొడుకు తండ్రి ఆల్బమ్ పట్టుకుని గాజు తలుపు తోసుకుని వచ్చాడు. తెరిచి బల్ల మీద పెట్టాడు. చూద్దుం కదా, పెద్ద ఫోటో నట్టనడుమ పూలకుండీ దర్జాగా ఉంది. పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు ఓ అంచున అతుక్కుని ఉన్నారు.

"మాస్టారూ, మా వాడి పెళ్ళి ఈ పూలకుండీతో కాలేదండీ" అన్నాడాయన.

నాకు నవ్వొచ్చింది, భయమూ వేసింది. నలభై ఏళ్ళలో ఆయన ఫోటో ఎవరూ వెనక్కి తేలేదు. మీ తాత కోపంతో ఎర్రబడి ఆల్బమ్ మూసేశారు. ఆ మర్నాడే ఇంకో పెళ్ళికూతురు వచ్చి, "అంకుల్, అందర్నీ పక్కన పెట్టి ఖాళీ వదిలారు, ఎంత కొత్తగా ఉందో! మా స్నేహితురాళ్ళందరూ అడుగుతున్నారు" అంది. దాంతో ఆయన మళ్ళీ నిటారుగా కూర్చున్నారు. అలా ఒకళ్ళు తిట్టి ఒకళ్ళు మెచ్చి, అసలు విషయం ఎవరికీ పట్టకుండా పోయింది.

మూడోసారి కెమెరా తుడిపించుకుని వచ్చిన రోజు బాగా గుర్తు. మర్నాడు పెద్ద పెళ్ళి ఉంది. పొద్దున పది గంటలకే ఎండ గాజు తలుపు మీద పడి గది భగభగలాడుతోంది. స్క్రూల బాబాయే స్వయంగా తెచ్చాడు. మీ తాత కెమెరా అందుకుని కంటికి పెట్టారు, తీశారు, మళ్ళీ పెట్టారు.

"ఏం తుడిచావయ్యా? పెద్దదైంది!"

"అదేంటన్నగారూ..."

"అదేంటని నన్నడుగుతావేంటి? రేపు పెళ్ళి పెట్టుకుని! నీ చేత కాకపోతే కాదని చెప్పు, ఇంకొకడికిస్తాను."

స్క్రూల బాబాయ్ ముఖం మాడిపోయింది. లెన్సు ఊడదీసి, జేబులోంచి చిన్న టార్చి తీసి లోపలికి వేశాడు. "మీరే చూడండన్నగారూ. ఎక్కడుంది?" అద్దం తళతళలాడుతోంది. నేనూ వంగి చూశాను. నా ముక్కు అందులో కనిపించింది.

"అయితే పైన ఎక్కడో ఉండి ఉంటుంది" అన్నారు మీ తాత. గొంతులో మునుపటి జోరు లేదు.

మీ అమ్మ కర్టెన్ తప్పించుకుని వచ్చింది. నువ్వు దాని భుజం మీద నిద్రపోతున్నావు. "ఎందుకు నాన్నా ఆయన్ని తిడతారు? రేపు ఒక్కరోజు నా దాంతో తియ్యండి. మరక పడటానికి ఇందులో అద్దమే లేదు" అని తన కెమెరా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

ఇష్టం లేకుండానే తీసుకున్నారు. ఎడమ కన్ను మూశారు, ఎప్పట్లాగే. కుడి కంటికి పెట్టుకున్నారు. తలుపు వైపు తిరిగారు. గోడ వైపు తిరిగారు. తెల్ల తెర వైపు తిరిగి చాలాసేపు ఉండిపోయారు. నా వైపు తిరిగారు.

"ఇందులోనూ ఉంది" అన్నారు.

మీ అమ్మ నవ్వింది. "ఇందులో ఎలా ఉంటుంది నాన్నా? అద్దమే లేదంటుంటే..."

ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. మీ తాత కెమెరా బల్ల మీద పెట్టేశారు. చాలా మెల్లగా, గాజు గ్లాసు పెట్టినట్టు పెట్టారు. ఎడమ అరచేత్తో ఎడమ కన్ను మూసుకున్నారు. చేతిలో ఏ కెమెరా లేదు. ఊరికే నిలబడి నన్ను చూశారు.

"నీకు ముఖం లేదేమే" అన్నారు.

ఏమిటో అర్థం కాలేదు నాకు. "ఏంటండీ ఆ మాటలు?"

"చెవులున్నాయి. జుట్టుంది. భుజాలున్నాయి. మధ్యలో ముఖం లేదు."

చెయ్యి తీశారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ తీశారు. నేను స్టూలు పట్టుకున్నాను.

ఆయన రోజంతా రెండు కళ్ళతో తిరుగుతున్నారు, ఆ కంటికి లేనిది ఈ కన్ను పూడుస్తోంది. ఒక్క కన్ను మూసేది కెమెరా దగ్గరే. అందుకే ఆయనకి మరక కెమెరాలోనే కనిపించింది. అది అద్దం మీద కాదు. ఆయన కంట్లో.

అప్పుడాయన నా వైపు తిరిగి అడిగారు చూడు. "మరి నువ్వు చూశావు కదా? నీకూ కనిపించింది కదా?"

"కనిపించిందండీ, ఒట్టు" అన్నాను. నేనబద్ధం చెప్పలేదని చూపించాలని పాత కెమెరా అందుకున్నాను. స్క్రూల బాబాయ్ లెన్సు బిగించి ఇచ్చాడు. కన్ను పెట్టాను. ఉంది. సరిగ్గా మధ్యలో, నల్లగా, చిన్నగా. "ఇదిగో, ఇక్కడే ఉంది, నువ్వు చూడవే!" అని మీ అమ్మకిచ్చాను.

ఈ గొడవ మొదలయ్యాక మీ అమ్మ మొదటిసారి అందులో కన్ను పెట్టింది. తీసి నన్ను చూసింది. అరవలేదు, విసుక్కోలేదు.

"అమ్మా, అది ఫోకస్ గుర్తు. ఎక్కడ ఫోకస్ చెయ్యాలో చూపించే గీత. కెమెరా కొన్నప్పటినుంచీ అక్కడే ఉంది."

నలభై ఏళ్ళు లెన్సులు మోశాను తల్లీ. ఆ రోజు వంటింట్లో తప్ప ఒక్కనాడూ ఆ పెట్టెలో కన్ను పెట్టి చూడలేదు. ఎప్పుడూ దాని ముందుండేదాన్ని, లేదా పక్కనుండేదాన్ని. దాని లోపల ఏముంటుందో నాకేం తెలుసు?

ఆ మధ్యాహ్నమే కళ్ళాసుపత్రికి వెళ్ళాం. చుక్కల మందు వేసి కూర్చోబెట్టారు. చేతికి సూది పొడిచి ఏదో రంగు ఎక్కించారు. తరవాత ఒక గదిలోకి తీసుకెళ్ళి, ఇంతలావు కెమెరా ముందు గడ్డం ఆనించమని కంటి లోపలికి ఫోటోలు తీశారు. అంత భయంలోనూ ఆయన నోరు ఊరుకోలేదు. "ఏమ్మా, ఇది అద్దమున్నదా, లేనిదా?" అని అక్కడి అమ్మాయిని అడిగారు. ఆ పిల్ల నవ్వి, "కదలకండి తాతగారూ" అంది. జీవితంలో మొదటిసారి ఆయనకొకళ్ళు ఆ మాట చెప్పారు.

డాక్టరమ్మ ఫోటోలు తెర మీద పెట్టింది. ఎర్రటి గుండ్రం, దాని నడిమధ్య ఇంత మచ్చ. కంటి వెనక పొరలో రక్తనాళాలు కారి, ఆ కారింది గట్టిపడిందట.

"ఎన్నాళ్ళ నుంచీ ఉంది?"

"తలుపులు వంకరగా కనిపించి తొమ్మిది వారాలైంది. మరకొచ్చి ఏడు దాటింది."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

మీ తాత నా వైపు తిరిగారు. నేను చెప్పాను, "కెమెరా తుడిపించామమ్మా" అని. ఆవిడ కలం ఆపి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను.

"వంకరలు కనిపించినప్పుడే వచ్చుంటే చాలావరకు నిలబెట్టేవాళ్ళం" అంది. "ఇప్పుడు ఈ కంటికి మధ్య చూపు రాదు. ఎడమ కంట్లో కూడా మొదలవుతోంది. ఇది మాత్రం తొందరగా దొరికింది. ఇంకో నెల ఆలస్యమైతే దీని సంగతీ చెప్పలేకపోయేదాన్ని. ఇవాళే ఇంజెక్షన్."

"చేతికేనా అమ్మా?" అన్నాను.

"కంట్లోకి."

కంట్లోకి సూదేమిటి తల్లీ! ఆయన లోపలికి వెళ్ళేముందు బయట బల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. చెప్పేశాను. "ఏమండీ, నేను ఉందన్నాను కాబట్టే మీరు ఆగిపోయారు. ఆ రోజు గిన్నెల తొందరలో ఉన్నాను. ఏదో నల్లగా కనిపిస్తే ఉందన్నాను. ఏంటది, ఎంతుంది, ఎలా ఉంది అని ఆలోచించలేదు. మీ కన్ను నేనే పోగొట్టాను."

ఆయన నీళ్ళ సీసా అడిగారు. తాగారు. మూత నెమ్మదిగా బిగించారు.

"నలభై ఏళ్ళు ఫోటోలు తీసినవాణ్ణి, పూలకుండీ మధ్యలో పెట్టి పెళ్ళి తీస్తే నాకే అనుమానం రాలేదు. నువ్వేం చేస్తావులే" అన్నారు. ఇంతలో లోపలికి పిలిచారు. లేచి తలుపు వైపు నడుస్తూ నా చెయ్యి వెతుక్కున్నారు. చుక్కల మందుకి ఏమీ కనిపించట్లేదట. తలుపు దాకా నేనే పట్టుకుని తీసుకెళ్ళాను.

మర్నాటి పెళ్ళి మీ అమ్మ ఒక్కతే తీసింది, ఫోటోలూ వీడియో రెండూ, ఆ చప్పుడు లేని కెమెరాతోనే. నిన్ను నా ఒళ్ళో పడేసి వెళ్ళింది. తిరిగొచ్చాక కంప్యూటరు ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నేనొక్కసారి ఆ కెమెరాలో కన్ను పెట్టి ఉంటే తెలిసిపోయేదమ్మా. నా మాట నెగ్గిందని సంబరపడ్డాను గానీ చూడలేదు."

మూడో రోజు స్క్రూల బాబాయ్ వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, గడప మీదే కూర్చుండిపోయాడు. జేబులో స్క్రూడ్రైవర్లు కూడా లేవు.

"మొదటిసారి దుమ్ము ఉన్న మాట నిజం వదినగారూ. రెండోసారి ఏమీ లేదు. మూడోసారీ లేదు. అన్నగారు అంత గట్టిగా ఉందంటుంటే, లేదంటే ఆయన్ని తప్పుపట్టినట్టు ఉంటుందేమోనని ఉంది, తీసేశానని చెప్పాను. మర్యాదకి అన్నాను వదినగారూ."

తిడదామనుకుని ఆగిపోయాను. నేను మాత్రం ఏం తక్కువ చేశానని? మీ తాత లోపలినుంచి విన్నారు. కంటికి కట్టుతోనే బయటికొచ్చి, "లేవయ్యా, గడప మీద కూర్చోకు, గిరాకీలు వస్తారు. నీ పుణ్యాన అద్దమైనా శుభ్రంగా ఉంది" అన్నారు. అతను నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆయనొక్కరే నవ్వారు.

ఆ ఎండాకాలం అయ్యేలోపు ఇంకో రెండు ఇంజెక్షన్లయ్యాయి. ఎడమ కన్ను నిలబడింది. కుడి కంటి మధ్యలో ఆ మచ్చ అలాగే ఉండిపోయింది. ఇటుక కెమెరాని గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేసి, మీ అమ్మ దానితో మొదటి నుంచీ నేర్చుకున్నారు. కుడి కంటి మనిషికి ఎడమ కన్నుతో తియ్యడం ఎంత అవస్థో! ముక్కు వెళ్ళి వెనక తెరకి తగిలేది. అది తాకితే పనిచేసే తెరట. ఈయన ముక్కు తగలగానే ఫోకసు ముఖం మీదనుంచి భుజం మీదికి, భుజం మీదనుంచి గోడ మీదికి పారిపోయేది. "ఈ కెమెరాకి నా ముక్కంటే పడదే" అని గోల. మీ అమ్మ లోపల ఏదో నొక్కి తెరకి ఆ తాకుడు తీసేసింది. తరవాత లోపలి టీవీలో ముఖం పెద్దది చేసుకుని చూడడం నేర్పింది. కంటి రెప్పలు లెక్కపెట్టచ్చట అందులో. చెప్పరు గానీ ఆయనకది నచ్చింది. ఒక్కసారే ఒప్పుకున్నారు. "అద్దం ఉన్నన్నాళ్ళూ అద్దాన్ని తిట్టాను. అది లేకుండా పోయాక గానీ మరక నాదని తెలియలేదు" అన్నారు.

డాక్టరమ్మ ఒక గళ్ళ కాగితం ఇచ్చింది. గోడకి అంటించి రోజూ పొద్దున్నే ఒక్కో కన్ను మూసి చూడాలి, గళ్ళు వంకరపోయినా, ఎక్కడైనా మాయమైనా, ఆ రోజే పరుగెత్తుకు రావాలి అంది. అంటించాం. మీ తాత రెండు రోజులు చూశారు. మూడో రోజు, "గళ్ళు చూస్తే నాకేం తెలుస్తుందే, నేను గళ్ళ ఫోటోలు ఎప్పుడైనా తీశానా? నువ్వొచ్చి అక్కడ నిలబడు" అన్నారు.

కాగితమే చూడాలని మీ అమ్మ పోట్లాడింది. ఆయనా పట్టు విడవలేదు. ఆఖరికి రెండూ చూడాలని తీర్పయింది. ముందు కాగితం, తరవాత నేను.

అప్పటినుంచీ రోజూ పొద్దున్నే వంటింటి కిటికీ ముందు, వెలుగు ముఖం మీద పడేలా నిలబడతాను. ఆయన కుడి కన్ను అరచేత్తో మూసుకుని చూస్తారు. నా నుదురు చూస్తారు, కళ్ళు చూస్తారు, ముక్కు చూస్తారు, గడ్డం చూస్తారు. తొందరపడరు. నేను ఊపిరి బిగబట్టి నిలబడతాను. ఈ ఎనిమిదేళ్ళూ ఒక్క రోజైనా భయం లేకుండా నిలబడింది లేదు. చూడడం అయ్యాక చెయ్యి తీస్తారు.

"ఉన్నావు" అంటారు.

అప్పుడు వెళ్ళి పొయ్యి వెలిగిస్తాను.

నువ్విది గుర్తుపెట్టుకో తల్లీ. రేపు నీకు పెళ్ళయ్యాక, పిల్లలయ్యాక, వాళ్ళని ఇలాగే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పు. ఒక కన్ను మూసి ఎదురుగా ఉన్న మనిషిని చూడమను, తరవాత రెండోది మూసి చూడమను. ఇంకొకటి కూడా చెప్పు. ఎవరైనా వచ్చి "ఇది నీకూ కనిపిస్తోందా" అని అడిగితే, ముందు "నీకేం కనిపిస్తోంది" అని తిరిగి అడగమను. ఆ ఒక్క మాట అడగక మా ఇంట్లో ఏం జరిగిందో, ఏదీ దాచకుండా, నా తప్పుతో సహా చెప్పు.